కార్జం పడిన వైపు

"మీ అల్లుడు ఏం పన్జేస్తడు?" అని బట్టల దుకాణంలో ఎవరైనా అడిగితే, మా మామ చేతిలో ఉన్న తువ్వాలను విప్పి మళ్లీ మడత పెట్టేవాడు. ఆ మడత పూర్తయ్యేదాకా జవాబు వచ్చేది కాదు. చివరికి "లెక్కల్ల పెద్ద సదువు సదువుతుండు" అనేవాడు. అడిగినవాళ్లు అంతటితో వదిలే రకం కాదు. "ఇంక సదువుడేనా? పెండ్లై ఎన్నేండ్లాయె?" అని ఇంకో ప్రశ్న వేసేవాళ్లు. ఆయన ఇంకో తువ్వాల విప్పేవాడు.

ఆ దుకాణంలోనే, వెనక గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని నేను ఇదంతా వినేవాణ్ని. వినపడనట్టు పుస్తకంలో తల దూర్చేవాణ్ని. ముప్పై దాటిన మనిషిని. సిగ్గుతో చెవులు వేడెక్కేవి. అడిగినవాళ్ల మీద కోపం వచ్చేది, తువ్వాల మడతపెట్టే మామ మీద ఇంకా కోపం వచ్చేది. గట్టిగా ఒక మాట చెప్పొచ్చు కదా అనిపించేది. ఏం చెప్పాలో మాత్రం నాకూ తెలియదు.

మాది కొండపాక వైపు ఒక పల్లె. హైదరాబాదులో పీహెచ్‌డీలో సీటు వచ్చినప్పుడు ఊళ్లో దోస్తులు నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కొన్నాళ్లకు దాన్ని ఎవరో విప్పుకుపోయి గడ్డివాము మీద కప్పుకున్నారు. అక్కడ కూడా అది ఎండకు ఎండి వానకు తడిసి చిరిగిపోయింది. నా చదువు మాత్రం పూర్తి కాలేదు. ఫెలోషిప్ ఆగిపోయింది. నా భార్యకు సిద్దిపేటలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. అత్తామామల ఇల్లూ అక్కడే, వాళ్లకు ఆమె ఒక్కతే బిడ్డ. కొన్నాళ్లు ఇక్కడుందాం అని వచ్చి, అత్తగారింట్లోనే ఉండిపోయాం. మా దిక్కు దీన్ని ఇల్లుటం అంటారు.

ఇల్లుటం వచ్చిన అల్లుడికి ఎవరూ ఏ లోటూ చెయ్యరు. అదే బాధ. అత్తమ్మ ఎప్పుడూ ముందు నాకే వడ్డించేది. నేను గదిలో రాసుకుంటున్నానంటే మామ టీవీ సౌండు తగ్గించేవాడు. నా భార్య డ్యూటీకి పోతూ "ఎవలేమన్నా పట్టించుకోకు, నువ్వు రాసుకో" అని చెప్పి పోయేది. ఆ ముగ్గురిలో ఒక్కరు ఒక్కసారి తిట్టినా నేనూ తిరిగి నాలుగు మాటలని తేలికపడేవాణ్ని. నాకు కోపం తొందరగానే వస్తుంది. కానీ అంత మర్యాదగా అన్నం పెట్టేవాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి సాకైనా దొరకాలి కదా.

నేను చదివే విషయం చెప్పడానికి చిన్నదే. కాగితం మీద కొన్ని ఎర్ర చుక్కలు, కొన్ని నీలి చుక్కలు ఎలా పడితే అలా ఉంటాయి. వాటి మధ్యగా తిన్నని గీత ఒక్కటి గీయాలి. గీతకు ఇటు సగం ఎర్రవి, అటు సగం ఎర్రవి ఉండాలి. నీలివీ అంతే. చుక్కలు ఎలా ఉన్నా సరే, అలాంటి గీత ఒకటి తప్పకుండా ఉంటుందని ఎప్పుడో రుజువైంది. దాన్ని కంప్యూటరు చేత తొందరగా ఎలా వెతికించాలన్నది మాలాంటివాళ్ల పని. చుక్కల్లో కొన్ని చోటు మారితే మళ్లీ మొదటికి పోకుండా, పాత గీతనే కొంచెం జరిపి ఎలా సరిచేయాలన్నది అందులో నా వంతు. ఇన్నేళ్లూ దాని మీదే కూర్చున్నాను.

గిరాకీ లేని ఒక మధ్యాహ్నం పల్లీలు, పుట్నాలు కలిపిన పొట్లం తెప్పించుకుని తింటుంటే మామ అడిగాడు.

"అసలు గదేంది అల్లుడు, నువ్వు సదివేది? ఎవలన్న అడిగితే నాకు చెప్పొస్తలేదు."

నింద ఏమీ లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను పొట్లాన్ని గల్లాపెట్టె పక్కన బల్ల మీద గుమ్మరించాను. బట్ట కొలిచే మీటరు కట్టె అందుకున్నాను.

"పల్లీలు ఒక రంగు అనుకో మామా. పుట్నాలు ఇంకో రంగు."

ముందు పల్లీలు సరిగ్గా సగం సగం అయ్యేలా కట్టె పెట్టాను. అప్పుడు కట్టెకు ఎడమ పక్క పుట్నాలు ఎక్కువ పడ్డాయి. పల్లీల సగం చెడకుండా చూసుకుంటూ కట్టెను కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాను. కట్టె తల ఉన్న చోటికి తోక వచ్చేసరికి ఎడమ పక్క కుడి పక్క అయిపోతుంది. ఎక్కువున్న పక్క తక్కువున్న పక్క అవుతుంది. అంటే ఈ తిప్పడంలో ఎక్కడో ఒకచోట పుట్నాలూ సమానం అయ్యే తీరాలి. అక్కడ ఆపితే సరి.

మామకు ఇది తెగ నచ్చింది. నన్ను ఓడించాలని పల్లీలన్నీ ఒక మూలకు పోగేసి, పుట్నాలను బల్లంతా చల్లి "గిప్పుడు వెట్టు" అన్నాడు. పెట్టాను. వేలితో అటూ ఇటూ లెక్కపెట్టుకున్నాడు. ఒక పల్లీ సరిగ్గా కట్టె కిందికి వచ్చింది.

"మరి గీ కట్టె కింద వడ్డది ఎవలిది?"

"గది ఎవలిది గాదు మామా. దాన్ని లెక్కల తీసుకోం."

"గట్లెట్ల? గది గూడ పల్లీయే గద" అని దాన్ని తీసి నోట్లో వేసుకున్నాడు.

ఇంగ్లీషువాళ్లు దీనికి శాండ్‌విచ్ పేరు పెట్టారని కూడా చెప్పాను. రెండు రొట్టె ముక్కలు, నడుమ మాంసం, ఒక్క కత్తివేటుకు మూడూ సగం సగం అవుతాయని. "అంటే మాంసం పంచుడేనాయె!" అని మామ పగలబడి నవ్వాడు. ఆయన నా చదువు గురించి మాట్లాడుతూ నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. రొట్టెకూ మాంసానికీ ఎత్తు, మందం ఉన్నాయి కాబట్టి మూడు కుదురుతాయి, బల్ల మీద పరిచిన వాటికైతే రెండు రకాలే కుదురుతాయి అన్న సంగతి నోటి దాకా వచ్చింది. అంత బాగా నవ్వుతున్న మనిషిని ఆపి చెప్పడం ఎందుకులే అనుకున్నాను.

ఆ రోజుతో తువ్వాల మడతలు బందయ్యాయి. ఎవరడిగినా మామ తలెత్తి చెప్పేవాడు. "మా అల్లుడా? ఏదన్న గానీ, ఎట్లన్న వోసి ఉండనీ, కట్టె ఒక్కటి వెట్టి సగం జేస్తడు." వినేవాళ్లకు సగం అర్థమయ్యేది కాదు. అయినా "గట్లనా!" అనేవాళ్లు. గల్లీలో అందరికీ చెప్పుకున్నాడు. నేనూ స్టూలును కొంచెం ముందుకు జరుపుకున్నాను.

మా గల్లీలో ఇటు నాలుగిళ్లు, అటు నాలుగిళ్లు. దసరాకు ఎనిమిదిళ్లూ కలిసి ఒక మేకపోతును తెస్తాయి. కసాయి కొట్టిన ముక్కలను గల్లీ నడుమ పట్టా పరిచి దాని మీద పోస్తాడు. పక్కన వరుసగా మోదుగాకు విస్తర్లు పరుస్తారు. పోగులు వేసేది మా మామ. దుబ్బాక నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న కొత్తలో ఎవరో ఆయన చేత వేయించారట, అప్పటినుంచి ఆయనే. ముందు మెత్తటి మాంసం తలా కొంత వేస్తాడు. తర్వాత బొక్కలు. ఆ తర్వాత కార్జం. మేక కాలేయాన్ని మేం కార్జం అంటాం. అది కొంచెమే ఉంటుంది, అందరికీ దాని మీదే కన్ను. దాన్ని చిన్న చిన్న తునకలు చేసి అన్ని విస్తర్లలో వేస్తాడు. తూకం గీకం ఉండదు. చేత్తో వేసి, వెనక్కి జరిగి చూసి, ఈ పోగులోది ఒక ముక్క ఆ పోగులోకి మారుస్తాడు.

పోగులు అయ్యాక ఒకరు వాటికి వీపు పెట్టి అటు తిరిగి నిలబడాలి. ఇంకొకరు ఒక పోగు మీద వేలు పెట్టి "గిది ఎవలిది?" అని అడగాలి. అటు తిరిగిన మనిషి చూడకుండానే ఏదో ఒక ఇల్లు చెప్తాడు. ఎవరి ఇల్లు చెప్తే వాళ్లు ఆ పోగు ఎత్తుకోవాలి. పోగులు వేసిన మనిషి ఇల్లు మాత్రం పిలవరు. అందరూ తీసుకున్నాక మిగిలిందే ఆయనది. అన్నేళ్లూ మా మామ ఇంటికి వచ్చింది మిగిలిన పోగే. ఆయన వేసిన పోగు చూసి మూతి ముడిచినవాళ్లు లేరని అత్తమ్మ గొప్పగా చెప్పేది. దుకాణం చిన్నది, ఇల్లు మామూలుది. గల్లీలో ఆయనకున్న పెద్దరికమంతా ఆ పోగుల్లోనే ఉంది.

ఆ ఏడు దసరా నాడు ముక్కలు పట్టా మీద పోస్తుండగా ఎదురింటాయన అందుకున్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. నోరు ఊరుకోదు.

"ఏం బావా, నీ అల్లుడు కట్టె వెట్టి పంచుతడంటివి గద. ఇయ్యాల పంచుమను, సూద్దాం."

"పండుగ పూట పరాచికాలెందుకు బావా" అన్నాడు మామ. అంటూనే నా వైపు చూశాడు. ఆ చూపులో వద్దనీ ఉంది, కానీయమనీ ఉంది. నాకు రెండోదే కనిపించింది. ఇంట్లో ఇంకో మీటరు కట్టె ఉండేది. లోపలికి ఉరికి తెచ్చాను.

ముక్కలను పట్టా నిండా పలచగా పరిపించాను. మాంసం ఒక రంగు, బొక్కలు ఒక రంగు. మోకాళ్ల మీద కూర్చుని కట్టె పెట్టడం, లెక్కపెట్టడం, కొంచెం తిప్పడం, మళ్లీ లెక్కపెట్టడం. పల్లీలంత సులువుగా లేదు. ఈగలు ముసురుతున్నాయి. ఎండెక్కింది. "కూర పొద్దూకినంక వండుకోవాల్నా?" అని ఆడవాళ్లు గొణుగుతున్నారు. నేను లెక్కలో ఉండగానే కసాయి చివరగా కార్జం తెచ్చి పట్టా మీద ఒక మూలన వేసిపోయాడు. అది నేను చూశాను కూడా. కానీ నా తలలో రెండే రంగులు తిరుగుతున్నాయి.

చివరికి కుదిరింది. అటూ ఇటూ మాంసం సమానం, బొక్కలు సమానం. లేచి నిలబడి నడుం పట్టుకుని ప్రకటించాను.

"ఇగ అటు తిరుగుడు, పేర్లు పిలుసుడు ఏమవసరం లేదు. రెండు దిక్కుల సమానమే. ఇటుది ఇటు నాలుగిండ్లది, అటుది అటు నాలుగిండ్లది."

ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. మామ ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖాన్ని అలా చూడటం కోసమే ఇంతా చేశాననిపించింది.

"అల్లుడు, కార్జమేది?" అంది డ్రైవరు భార్య.

ఆమె పరాచికానికి అడగలేదు. వాళ్ల బిడ్డ కాన్పై పుట్టింట్లో ఉంది. రక్తం తక్కువుందని పరీక్ష చేసి చెప్పింది నా భార్యే. దసరా కార్జం మా బిడ్డకు వండి పెట్టాలె అని ఆమె వారం నుంచి అందరితో చెప్తోంది. అందరూ పట్టా వైపు చూశారు. కార్జం మొత్తం కట్టెకు ఒకే పక్కన ఉంది, మా ఇంటి వైపు.

"అరె, కట్టె మంచిగనే పన్జేసింది! కార్జమంత మామ దిక్కే తెచ్చింది" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వులో కల్మషం లేదు. అప్పుడే "అయ్యో, యాది మర్సిన" అని దాన్ని తునకలు చేసి అటూ ఇటూ వేస్తే అయిపోయేది. నేను వివరించడం మొదలుపెట్టాను.

"గట్ల గాదు. పరిచిన జాగల ఒక్క గీతతోని రెండు రకాలే సగమైతయ్. మూడోది గూడ గావాలంటే గీత దొరుకుతదని గ్యారంటీ లేదు. ఎత్తు గూడ ఉంటేనే మూడు కుదురుతయ్..."

"మరి రొట్టె, మాంసం, ఇంకో రొట్టె అని మూడు జెప్పిండన్నవు గద బావా?" అని డ్రైవరు మామను అడిగాడు.

"గది వేరే. గది శాండ్‌విచ్" అన్నాను.

"శాండ్‌విచ్ల కార్జముండదా అల్లుడు?"

మళ్లీ నవ్వులు. ఇన్నేళ్ల చదువు, ఎండలో మోకాళ్ల మీద పడ్డ పాట్లు, ఈ నవ్వులు. కోపం ఆపుకోలేకపోయాను.

"మీకు జెప్పినా సమజ్ గాదు" అనేశాను.

నవ్వు ఆగిపోయింది. డ్రైవరు నా వైపు తిరిగాడు. "సమజైంది అల్లుడు. మంచిగనే సమజైంది. అటు తిరుగుడెందుకు వద్దన్నవో గూడ సమజైంది" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను దొంగలెక్క వేశానని పదిమందిలో అన్నట్టే. గేటు దగ్గర నా భార్య నిలబడి ఉంది. నేను చూడగానే తల దించుకుంది. భూమి చీలితే బాగుండు అని జనం ఎందుకంటారో ఆ నిమిషం తెలిసింది. అయినా మళ్లీ సిద్ధాంతమే చెప్పబోయాను. నాకు ఇంకేం వచ్చు గనక?

"ఆయననేం అనకు బావా" అన్నాడు మామ. నేలవైపు చూస్తూ అన్నాడు. "కట్టె గట్ల వెట్టుమని సైగ జేసింది నేనే. కార్జం మీద పానం గుంజింది."

నేను నోరు తెరిచాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. తర్వాత గొంతుక్కూర్చుని, కార్జం మొత్తం రెండు చేతులతో తీసి డ్రైవరు భార్య గిన్నెలో వేశాడు. మా వంతు కూడా ఉంచలేదు. భుజం మీది తువ్వాలతో చేతులు తుడుచుకుని ఇంట్లోకి పోయాడు. మిగిలింది వాళ్లే పంచుకున్నారు. ఆ దసరాకు మా గల్లీలో ఎవరూ అటు తిరిగి నిలబడలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ ఎప్పటిలాగే ముందు నాకే వడ్డించింది. సగంలోనే పళ్లెం పట్టుకుని లేచాను. వంటింట్లో నా భార్య మెల్లగా అంది. "నవ్వుతుంటే నవ్వనియ్యరాదా? ఊకోరాదా నువ్వు?" ఆ ఇంట్లో నన్ను ఎవరైనా తిట్టడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఎదురుచూసిన తిట్టు అది. తిరిగి అనడానికి ఒక్క మాట దొరకలేదు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని మామ ఇంటింటికీ బయలుదేరాడు. దసరా నాడు ఆ ఆకును బంగారమని చేతుల్లో పెట్టి, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకోవాలి. "నువ్వు గూడ రా" అన్నాడు. నేను కదల్లేదు. అరుగు మీద నిలబడి అడిగాను.

"గట్లెందుకు జెప్పినవ్ మామా?"

"ఏమున్నది అల్లుడు" అన్నాడు. "నాకీ గల్లీల ఎన్నేండ్లసందో జమైన పేరున్నది. జరంత పోతే ఇంక మిగుల్తది. నీకు ఇంక వచ్చుడే షురూ గాలే."

దుకాణంలో తువ్వాల ధర చెప్పినట్టే చెప్పి, జమ్మి ఆకు పట్టుకుని పోయాడు. డ్రైవరు ఎదురొచ్చి ఆయన్ను గట్టిగా పట్టుకోవడం అరుగు మీది నుంచి చూశాను. ఈ నాటకం ఒకటా అని ఆ మనిషి మీద నాకు ఒళ్లు మండింది.

మరుసటి దసరా నుంచి పోగులు డ్రైవరు వేస్తున్నాడు. బస్సు నడిపిన చెయ్యి, పోగులు దానికి లొంగవు. ఒకదాంట్లో అన్నీ బొక్కలు, ఒకదాంట్లో అంతా కొవ్వు. జనం సణుక్కుంటూ ఎత్తుకుంటారు. మా మామ మాత్రం స్టీలు గిన్నె పట్టుకుని చివరన నిలబడతాడు. మా ఇల్లు పిలిచాక ముందుకు వచ్చి, ఏం పడిందని చూడకుండా గిన్నెలోకి ఎత్తుకుని తిరిగొస్తాడు. ఆ గిన్నెతో ఆయన అలా నిలబడటం చూడలేక మొదటి ఏడు నేను గదిలోనే కూర్చున్నాను. ఈలోగా నాకు ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. థీసిస్ కూడా దాదాపు అయిపోయింది. ఎవరైనా అడిగితే "కాలేజీల లెక్కలు జెప్తడు" అంటాడు మామ. కట్టె మాట మాత్రం ఎత్తడు. నేను డ్రైవరుతో మాట్లాడటం మానేశాను. ప్రజ్ఞాపూర్‌లో బస్సు మారుతుంటే ఒకసారి ఎదురుపడి "అల్లుడు, మంచిగున్నవా?" అని పలకరించాడు. వినపడనట్టు ఇంకో బస్సెక్కి, అది కాదని తెలిసి దిగాను.

మొన్నటి దసరాకు మా పోగులో ఎక్కువ బొక్కలే వచ్చాయి. మామ ఏమీ అనకుండా ఎత్తుకున్నాడు. నేను ఇక ఆగలేకపోయాను. నేరుగా ఎదురింటికి పోయాను. డ్రైవరు భార్య వాకిట్లో పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. దసరాకని బిడ్డ వచ్చినట్టుంది, ఆ కాన్పున పుట్టిన పిల్ల మంచం చుట్టూ ఉరుకుతోంది.

"ఇన్నేండ్లు మీకు పోగులేసి, మిగిలిందే తీస్కపోయిన మనిషి అత్తా. ఒక్కనాడు తప్పైందని పక్కకు వెడ్తరా? ఆయన గిన్నె వట్టుకొని నిలవడుతుంటే మీకు మనసెట్లొస్తది?" అన్నాను. గొంతు పెంచే అన్నాను.

ఆమె కత్తి కింద పెట్టింది.

"ఎవలు పక్కకు వెట్టిన్రు? ఏటేటా పండుగకు ముందు మా ఆయన మీ దుకాణానికి వోయి బతిమాలుతడు. నువ్వు రాకుంటే పోగులు కుదురుతలేవు బావా, రా అంటడు. మీ మామనే రానంటడు."

"ఎందుకు రాడు?"

"కార్జం మీద ఆశ వడ్డోన్ని, నేనెట్ల పోగులేస్త బావా, అంటడు. వచ్చి కూసున్నడనుకో, గా నాడు జెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే గద. గందుకే రాడు."

"అబద్ధమని మీకు తెల్సా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "తెల్వకేంది అల్లుడు? మీ మామ కార్జం ముట్టడు గద. చిన్నప్పటిసందే పడది ఆయనకు. నువ్వు రాకముందు మీ అత్త తమ పోగుల కార్జం మాకే పంపుతుండె. నువ్వొచ్చినంకనే గద ఇంట్ల వండుడు." ఉల్లిగడ్డ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఆయన గా మాట అనంగనే గల్లీల అందరికి సమజైంది. నీ మీద ఆయన కప్పిండు. కప్పిందాన్ని గుంజుడెందుకని ఊకున్నం. మా ఆయన గూడ గా దినమే ఏడ్సిండు, నోరు జారిన్నని."

ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. గల్లీ దాటడానికి నాలుగడుగులు చాలు. నడుమ పట్టా పరిచిన చోట ఆగిపోయాను. నేను ఒక్కణ్నే ఆ మాట నమ్మాను. మామకు కార్జం మీద ప్రాణం గుంజుతుందంటే, సైగ అబద్ధం గానీ ఆశ నిజమేమో అనుకున్నాను. నా కోసం అంత ఇష్టమైన కార్జాన్ని వదులుకున్నాడనుకుని ఇన్నాళ్లూ జాలి కూడా పడ్డాను. అన్నేళ్లు ఆయన పక్కన కూర్చుని తిన్నాను. ముందు నాకే వడ్డిస్తారు, ఆ వడ్డించడం చూసి సిగ్గుపడతాను, తలవంచుకుని తింటాను, లేస్తాను. పక్క పళ్లెంలో ఏముందో ఒక్కనాడూ చూడలేదు. గల్లీలో అందరికీ తెలిసిన సంగతి నాకు తెలియలేదు. నా థీసిస్‌లో ప్రతి సిద్ధాంతానికి ముందూ ఒక వాక్యం ఉంటుంది, గీత మీద పడిన చుక్కలను లెక్కలోకి తీసుకోవడం లేదని. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు రాశానో.

మామ ఇంకా గేటు దగ్గరే గిన్నెతో నిలబడి ఉన్నాడు. నేను ఎక్కడికి పోయివచ్చానో చూశాడు గానీ అడగలేదు. గిన్నె అందుకోబోయాను. "అద్దు, నీ అంగి ఖరాబైతది" అని తనే లోపలికి పట్టుకుపోయాడు.

అన్నాలకు కూర్చున్నాం. అత్తమ్మ ముందు నా పళ్లెంలోనే కార్జం వేపుడు వేసింది. నేను తలతిప్పి మామ పళ్లెం వైపు చూశాను. అన్నం, కూర, రెండు బొక్కలు, ఉల్లిగడ్డ ముక్క. అంతే.

"ఏంది అల్లుడు, తింటలేవు?" అన్నాడు మామ.

"తింటున్న మామా" అన్నాను. తల ఎత్తలేకపోయాను.